చచ్చాక కూడా ఆట చూసేవాళ్ళు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. మూడేళ్ళ నుంచి హనుమకొండలో ఉంటున్నాను, ఫైనాన్స్ ఆఫీసులో పని. వయసు 29. పెళ్ళయింది, పాపకు ఎనిమిది నెలలు. డిగ్రీ అయ్యాక ఊళ్ళో ఖాళీగా ఉన్నప్పుడు, 2018 నుంచి, మా బావ, ఇద్దరు దోస్తులు, నేను పబ్జీ ఆడేవాళ్ళం. మా ఇంటి డాబా మీద నాలుగు ఫోన్లు, ఒకటే పవర్ బ్యాంక్. 2020లో బ్యాన్ అయింది. మరుసటి ఏడాది బావ డ్రైవర్ పని మీద కువైట్ వెళ్ళాడు. దోస్తుల్లో ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు ఊళ్ళోనే వ్యవసాయం. ఇప్పుడు నేను బీజీఎంఐలో (పబ్జీకి బదులు మన దేశంలో వచ్చిన గేమ్) రాండమ్స్‌తో, అంటే గేమే జత చేసే ముక్కూమొహం తెలియనివాళ్ళతో, ఆడుతున్నాను. పాప పడుకున్నాక 11కి మొదలుపెడితే ఒంటిగంటన్నర అవుతుంది. ఏస్ అనే పెద్ద ర్యాంక్ దాకా వచ్చాను, కానీ ముందటి మజా లేదు. మొన్న రాత్రి మైక్‌లో ఒకడిని బూతులు తిడుతుంటే మా ఆవిడ లేచి వచ్చి చూసింది. ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది. అప్పటి నుంచి మనసులో అదే. ఇంకొకడేమో యాభై రూపాయల ఎంట్రీ రూమ్‌లకు రమ్మని మెసేజ్‌లు పెడుతున్నాడు. నేను అడిక్ట్ అయ్యానా? గేమ్ డిలీట్ చేసి పారేయాలా? అప్పటి రోజులు మళ్ళీ ఎందుకు వస్తలేవు?

జవాబు:

తమ్ముడూ, నీ ప్రశ్నల్లో చివరిదానికి కాస్త తీరిగ్గా కూర్చోవాలి. చిన్నవి ముందు అయిపోగొడదాం.

అడిక్ట్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఉంది కదా, ఐసీడీ-11 అని, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నది, అందులో గేమింగ్ డిజార్డర్ అని ఒకటి చేర్చారు. రోజుకు ఇన్ని గంటలు దాటితే రోగం అని అందులో లేదు. చూసేవి మూడు. ఎప్పుడు మొదలుపెట్టేది, ఎప్పుడు ఆపేది మన చేతిలో లేకుండా పోవడం. మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం. నష్టం కళ్ళకు కనిపిస్తున్నా ఆపకపోవడం, ఇంకా పెంచడం. అది కూడా మామూలుగా ఓ ఏడాది పాటు సాగి, ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతినేంత అయితేనే ఆ పేరు పెడతారు. నువ్వు డ్యూటీకి వెళ్తున్నావు, పాప పడుకున్నాకే ఫోన్ తీస్తున్నావు, భార్య చూపుకే నిద్ర పట్టక ఉత్తరం రాశావు. ఆ ముద్ర నేను వేయను. వేయడానికి నేను డాక్టర్‌ను కూడా కాను. నీకే అనుమానం ఉంటే పది రోజులు పూర్తిగా ఆపి చూడు. చెయ్యి ఆగకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళది, డబ్బులు ఉండవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

యాభై రూపాయల రూమ్‌కి వెళ్ళకు. మన రాష్ట్రంలో 2017లోనే గేమింగ్ చట్టం మార్చి ఆన్‌లైన్ రమ్మీ లాంటివి ఆపేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం తెచ్చింది. డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆట ఏదైనా బంద్, అది తెలివితో ఆడేదైనా సరే. ఈ-స్పోర్ట్స్ పోటీల లెక్క వేరు. ఎవడో మెసేజ్ పెట్టి యూపీఐలో యాభై వేయించుకునేది ఈ-స్పోర్ట్స్ అనుకునేంత అమాయకుడివి కాదు నువ్వు. ఫైనాన్స్ ఆఫీసులో కూర్చుంటావు, యాభై రూపాయలు కాస్తా ఐదు వేలు ఎట్లా అవుతాయో నాకు చెప్పగలవు.

ఇక అసలు ముచ్చట.

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు, 2004, 2005 ఆ ప్రాంతంలో, హనుమకొండ నయీంనగర్‌లో మాకు ఒక నెట్ సెంటర్ ఉండేది. మెట్లు దిగి సెల్లార్‌లోకి వెళ్ళాలి. వానాకాలంలో మెట్ల మీద నుంచి నీళ్ళు కారేవి. పన్నెండు సిస్టమ్‌లు, వెనక డబ్బా అంత ఉండే పాత మానిటర్లు, కింద బంతి ఉండే మౌస్‌లు. ఆ బంతి ఊడదీసి లోపల పట్టిన మురికిని గోరుతో గీకి మళ్ళీ పెట్టడం మా మొదటి పని. గంటకు పదిహేను రూపాయలు. ఓనర్ ఒక పొడుగాటి నోట్‌బుక్‌లో పేరు, టైం రాసుకునేవాడు. అతని చేతి గడియారం మా గడియారాల కంటే ఐదు నిమిషాలు ముందు నడిచేది, ఎప్పుడూ. ముందు వరసలో రిజల్ట్స్ చూసుకునేవాళ్ళు, అమెరికాలో ఉన్న కొడుకుతో చాటింగ్ కోసం వచ్చిన పెద్దమనుషులు. వెనక వరస మాది. కౌంటర్ స్ట్రైక్ 1.6, రెండు జట్లు తుపాకులతో కొట్లాడే ఆట.

నీ వయసువాళ్ళకు పేరు తెలిసే ఉంటుంది, ఆట పుట్టిన తీరు తెలియకపోవచ్చు. కంపెనీలో పుట్టలేదది. 1999లో మిన్ లె, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు హాఫ్ లైఫ్ అనే వేరే గేమ్‌ను పట్టుకుని దాని మీద సొంతంగా అల్లుకున్నారు. మరుసటి ఏడాది దాన్ని వాల్వ్ కంపెనీ కొనుక్కుని అమ్మకానికి పెట్టింది. మేము ఆడింది ఇంటర్నెట్ మీద కూడా కాదు. ఆ సెల్లార్‌లో ఉన్న సిస్టమ్‌లను ఒకదానికొకటి వైరుతో కలిపి, అక్కడికక్కడే. శత్రువు నా పక్క కుర్చీలోనే ఉండేవాడు. వాడి మోచెయ్యి నాకు తగిలేది.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది, దాని గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. చస్తే మళ్ళీ వెంటనే బతకవు. రౌండ్ అయ్యేదాకా, రెండు నిమిషాలో మూడు నిమిషాలో, ఊరికే కూర్చుని బతికున్నవాళ్ళ ఆట చూడాలి. ఆ చూసే టైంలోనే అన్నీ జరిగేవి. చచ్చినవాడు హెడ్‌ఫోన్ తీసేసి, బతికున్నవాడి వెనకాల నిలబడి, "అరేయ్, డబ్బాల వెనక ఉన్నాడురా" అని అరిచేవాడు. అవతలి వరసలో నుంచి "చచ్చినోడు మాట్లాడొద్దు" అని కేకలు. మా సెల్లార్ రాజ్యాంగంలో అది మొదటి ఆర్టికల్. ప్రతి రౌండ్‌లో దాన్ని ఎవడో ఒకడు తప్పేవాడు. ఒకడు మెట్లెక్కి చాయ్ చెప్పి వచ్చేవాడు. మా గ్యాంగ్‌లో ఒకడి తండ్రికి గుండె ఆపరేషన్ అయిన సంగతి మాకు తెలిసింది అట్లాంటి ఓ రెండు నిమిషాల్లోనే. వాడు స్క్రీన్ వైపు చూస్తూనే చెప్పాడు. మేము కూడా స్క్రీన్ వైపు చూస్తూనే విన్నాం. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే వాడు చచ్చినా చెప్పేవాడు కాదు.

కరెంటు పోయేది, అది వేరే సంగతి. పన్నెండు స్క్రీన్లు ఒక్కసారిగా నల్లబడితే సెల్లార్ అంతా "హో" అని అరుపు. ఇన్వర్టర్ ఓనర్ ఫ్యాన్‌కు మాత్రమే.

తర్వాత మా ఇంటికి ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మేము తీసుకున్న ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్క ఉండేది కాదు. అలారం పెట్టుకుని రెండింటికి లేచేవాడిని. ఊరూ పేరూ తెలియనివాళ్ళతో, ఏవో దేశాల సర్వర్లలో ఆడేవాడిని. నా ఆట బాగుపడింది. నిజంగానే బాగుపడింది, సెల్లార్‌లో నన్ను కొట్టేవాడు లేకుండా పోయాడు. మ్యాథ్స్‌లో బ్యాక్‌లాగ్ కూడా అప్పుడే పడింది. మజా మాత్రం సన్నగిల్లింది. పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యం) ఎక్కువ ఉండడం వల్ల అనుకుని మోడెమ్‌ను కిటికీ దగ్గరికి మార్చాను. వైరుతో నడిచే మోడెమ్‌కి కిటికీ ఏం చేస్తుంది చెప్పు! అంత తెలివి.

అసలు సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇంట్లో ఆడేటప్పుడు చచ్చిన వెంటనే నేను ఇంకో సర్వర్‌కి దూకేసేవాడిని. ఎవరి ఆట చూస్తాను? ఎవరో ఏమిటో తెలియనివాడు గెలిస్తే నాకేంటి?

ఇప్పుడు నీ డాబా మీదికి వద్దాం. మీరు ఆడిన ఎరాంజెల్ మ్యాప్ ఎనిమిది కిలోమీటర్లకు ఎనిమిది కిలోమీటర్లు, మన కాజీపేట జంక్షన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఉండే దూరానికి కాస్త తక్కువ. అందులో వంద మంది, చివరిదాకా మిగిలినవాళ్ళదే గెలుపు. విమానంలో నుంచి దూకడం, ఇళ్ళల్లో తిరిగి లూట్ ఏరుకోవడం, చిన్నదైపోతూ ఉండే సేఫ్ జోన్ కోసం పరుగెత్తడం, ఓ అరగంట ఆటలో తుపాకీ పేలే సమయం ఎంత? చాలా కొంచెం. మిగతాదంతా నడక. ఆ నడకలో మీరు నలుగురు ఏం మాట్లాడుకున్నారో గుర్తు చేసుకో. బావ పెళ్ళి సంబంధాలు, వీసా ఏజెంటు అడిగిన డబ్బు, ఊళ్ళో ఎవరి బోరు ఎండింది. ఒకడు ముందే చస్తే వాడు ఫోన్ జేబులో పెట్టుకుని డాబా దిగి వెళ్ళిపోయాడా? మిగిలినవాడి భుజం మీద గడ్డం ఆనించి "ఎడమ దిక్కు, ఎడమ దిక్కు" అన్నాడా?

ఇప్పుడు రాండమ్స్‌తో ఆడేటప్పుడు నువ్వు నాక్ అయి (దెబ్బ తిని కూలి), పూర్తిగా పోయాక ఏం చేస్తున్నావు? నాకు ఉత్తరంలో రాయలేదు కానీ పందెం కాస్తాను (యాభై రూపాయలది కాదు). వెంటనే లాబీకి, అంటే గేమ్ మొదటి స్క్రీన్‌కి, వెళ్ళి ఇంకో మ్యాచ్ నొక్కుతున్నావు. వాళ్ళూ అంతే. ముగ్గురు కొత్తవాళ్ళు, ఒకడు మ్యాప్‌లోని పోచింకి అనే ఊళ్ళో దూకుతాడు, ఒకడు దూకి చస్తాడు, ఒకడి మైక్‌లో కుక్కర్ విజిల్. గెలిచినా "సరే" అనేవాడు ఉండడు.

నీకు ఒక మనిషి గురించి చెప్పాలి. ఒకే ఆటలో చాలామంది కలిసి తిరిగే కంప్యూటర్ ఆట తొలినాళ్ళలో తయారైన చోటు ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీ, సంవత్సరం 1978. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. దాన్ని చేసిన ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు రిచర్డ్ బార్టిల్. ఆయన చాలా ఏళ్ళు ఆటగాళ్ళను గమనించి, 1996లో ఒక వ్యాసం రాశాడు. ఇట్లాంటి ఆటల్లోకి వచ్చేవాళ్ళు నాలుగు రకాలు అన్నాడు. పాయింట్లు, హోదాలు సంపాదించేవాళ్ళు. ఆ లోకంలో మూలమూలా తిరిగి చూసేవాళ్ళు. మనుషులతో మాట్లాడడానికి వచ్చేవాళ్ళు. పక్కవాడిని పడగొడితే గానీ తోచనివాళ్ళు. నాలుగు డబ్బాల్లో మనుషులందరూ సర్దుకుంటారని నేను అనుకోను. అయినా నీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. నువ్వు మూడో రకం మనిషివి, మొదటి రకం ఆట ఆడుతున్నావు. ఏస్ వచ్చింది, సీజన్ మారగానే మళ్ళీ కిందికి దించుతారు, మళ్ళీ ఎక్కాలి. ర్యాంక్ పుష్ అంటే పడిచచ్చే పిల్లలు ఉన్నారు, వాళ్ళకు అది పండగ. నీకు అది ఓవర్‌టైం. జీతం లేని ఓవర్‌టైం.

అంటే నీకు కావాల్సింది దోస్తులే, గేమ్‌దేముంది అంటానని అనుకుంటావేమో. అట్లా చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను, అది సగమే నిజం. పోయినేడు మా సెల్లార్ బ్యాచ్ నలుగురం హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక హోటల్‌లో కలిశాం. ఇరవై ఏళ్ళ తర్వాత. ముచ్చట నలభై నిమిషాల్లో అయిపోయింది. బీపీ, ప్లాట్ల రేట్లు, పిల్లల కోచింగ్ ఫీజులు. ఆ తర్వాత ఎవడి ఫోన్ వాడు చూసుకుంటూ కూర్చున్నాం. వాళ్ళంటే నాకు ప్రాణం, అయినా అంతే. చేతిలో ఏదో ఒక పని ఉండి, కళ్ళు ఎక్కడో ఉంటే గానీ మా నోళ్ళు తెరుచుకోవు. మా నాయన తరంలో పేకముక్కలో, కల్లు మండువాలో ఆ పని చేసేవి. మాకు సెల్లార్, మీకు డాబా. కాబట్టి ఆట కూడా కావాల్సిందే. ఏ ఆట, ఎవరితో, ఎప్పుడు అన్నది చూసుకోవాలి.

బావతో మళ్ళీ పాత ఆటే ఆడదామంటే ఒక చిక్కు ఉంది, నువ్వు ఇప్పటికే గమనించి ఉంటావు. 2020 సెప్టెంబర్ 2న బ్యాన్ అయ్యాక, అక్టోబర్ 30తో మన దగ్గర సర్వర్లు ఆగిపోయాయి. 2021 జులైలో వచ్చిన బీజీఎంఐ మన దేశం కోసం విడిగా చేసిన గేమ్. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి పోయి, 2023 మేలో తిరిగొచ్చింది. ఆడడానికి ఒకేలా ఉంటుంది, సర్వర్లు మాత్రం వేరు. కువైట్‌లో బావకు దొరికేది బయటి దేశాల పబ్జీ. ఆ గేమ్‌లో నుంచి ఆయన నీ స్క్వాడ్‌లోకి రాలేడు, ఈ గేమ్‌లో నుంచి నువ్వు ఆయన స్క్వాడ్‌లోకి పోలేవు. ఒకే డాబా మీద కూర్చున్న నలుగురి మధ్య గోడ కట్టినట్టయింది. "ఆ రోజులు ఎందుకు వస్తలేవు" అన్న నీ ప్రశ్నకు సగం జవాబు ఇదే, నీ వయసు కాదు. ఇందుకోసం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్‌లు, ప్లే స్టోర్ బయట దొరికే ఎక్కడెక్కడివో ఏపీకే ఫైళ్ళు ఎక్కించుకోకు. ఫోన్‌లో నీ బ్యాంకు కూడా ఉంటుంది.

ఇద్దరు దోస్తులు మాత్రం ఇక్కడే ఉన్నారు కదా. హైదరాబాద్ వాడికి, ఊళ్ళో వాడికి బీజీఎంఐ దొరుకుతుంది. వాళ్ళను అడిగావా? ఉత్తరంలో ఆ మాటే లేదు. వారంలో ఒక రాత్రి, శనివారమే అనుకో, మూడు మ్యాచ్‌లు. గంటల లెక్క పెట్టుకోకు, మ్యాచ్‌ల లెక్క పెట్టుకో. పదకొండున్నరకు ఆపాలి అనుకుంటే ఆ టైంకి నువ్వు జోన్ మధ్యలో ఉంటావు, వదిలేస్తే పక్కవాడికి నష్టం, ఆ మొహమాటం మీదే ఒంటిగంట అవుతుంది. మూడు అంటే మూడు. ఒక షరతు. ముందు చచ్చినవాడు లాబీకి వెళ్ళకూడదు, చివరిదాకా మిగిలినవాళ్ళ ఆట చూడాలి. నాలుగో చోటు ఖాళీగానే ఉంచండి, రాండమ్‌ను నింపే ఆప్షన్ ఆఫ్ చేసి. ముగ్గురు నలుగురితో కొట్లాడితే ఓడిపోతారు. ఓడిపోండి.

మిగతా ఆరు రాత్రులు రాండమ్స్‌తో ఆడడం ఆపెయ్. గేమ్ డిలీట్ చేయాల్సిన పని లేదు. డిలీట్ చేసినవాళ్ళు పదిహేను రోజుల తర్వాత మళ్ళీ డౌన్‌లోడ్ చేయడం నేను చూశాను, నేనే చేశాను.

బావకు వేరే ఆట వెతుకు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగి, వండుకుని తిని, రాత్రి తొమ్మిదికి ఫోన్ పట్టుకుంటే ఇక్కడ పదకొండున్నర. ఇద్దరికీ ఒకే టైంలో వేళ్ళు ఆడించే ఆట కుదరదు, కుదిర్చితే మళ్ళీ నీ నిద్రే పోతుంది. నా సెల్లార్ దోస్తుల్లో ఒకడు ఇప్పుడు దూరదేశంలో ఉన్నాడు, గుండె ఆపరేషన్ సంగతి చెప్పినవాడే. వాడూ నేనూ లీచెస్ అనే చదరంగం సైట్‌లో ఆడతాం. ఒక్కో ఎత్తుకు ఒకటి రెండు రోజుల గడువు పెట్టుకోవచ్చు అందులో, పైసా ఖర్చు లేదు. ఇద్దరికీ చదరంగం రాదు, సరిగ్గా. రెండేళ్ళలో ఏమీ మెరుగుపడలేదు. కానీ రోజూ ఒక ఎత్తు వస్తుంది, ఎత్తుతో పాటు ఒక లైను వస్తుంది. "గుర్రం కాపాడుకో. అమ్మకు మోకాళ్ళు ఎట్లున్నాయి?" అని. బావకు చదరంగం పడదంటే, సెలవు రోజు ఆడుకోవడానికి క్యారమ్స్ ఉంది, లూడో ఉంది. డబ్బు పెట్టనిది ఏదైనా పర్వాలేదు.

మీ ఆవిడ సంగతి చివరికి వదిలేశాను, తెలిసే. ఆమె ఏమీ అనలేదు అంటున్నావు. అనకపోవడానికి నాకు రెండు కారణాలు తోస్తున్నాయి. పాప లేస్తుందన్న భయం ఒకటి. నువ్వు అట్లాంటి మాటలు మాట్లాడతావని ఆమెకు ఆ రాత్రి దాకా తెలియకపోవడం రెండోది. మైక్‌లో తిట్టడం ఆటలో భాగమే అని మీ వయసువాళ్ళు చాలామంది నాతో వాదించారు. నేను ఒప్పుకోను. మా సెల్లార్‌లోనూ బూతులు ఉండేవి, కానీ తిట్టించుకున్నవాడు పక్క కుర్చీలోనే ఉండేవాడు, మితిమీరితే చెంప పగిలేది. మైక్‌లో ఆ భయం లేదు, అందుకే నోటికి హద్దు లేదు. ఆడపిల్ల గొంతు వినిపిస్తే ఏమంటారో నువ్వు విన్నావు కదా. అందుకే చాలామంది ఆడపిల్లలు మైక్ ఆఫ్ చేసుకుని ఆడతారు. ఎనిమిది నెలల పాపకు ఇప్పుడు మాటలు రావు, వినడం వచ్చు.

చెల్లెమ్మ దగ్గర కూర్చుని ఆ రాత్రి గురించి నువ్వే ఎత్తు. సారీతో ఆపకు, డాబా మీది రోజుల గురించి చెప్పు. బావ ఎట్లా అరిచేవాడో, పవర్ బ్యాంక్ కోసం ఎట్లా కొట్టుకునేవాళ్ళో. ఆమెకు ఇప్పటిదాకా కనిపించింది రాత్రి ఒంటిగంటకు నీ మొహం మీద పడే స్క్రీన్ వెలుగే. శనివారం మూడు మ్యాచ్‌ల సంగతి ముందే చెప్పి, ఆదివారం పొద్దున పాపను నువ్వు చూసుకుంటానని చెప్పు, చూసుకో.

కువైట్‌లో శుక్రవారం సెలవు. డ్రైవర్లకు అన్నిసార్లూ దొరకదనుకో, దొరికితే మన టైం రాత్రి ఎనిమిదికి ఆయనకు ఐదున్నర. ముందు ఫోన్ చేసి ఆట ఎక్కించుకొమ్మని చెప్పు, మొదటి ఎత్తు ఆయన్నే వేయమను. జవాబు ఎత్తుకు రెండు రోజులు పట్టినా ఫోన్ చేసి తొందర పెట్టకు, బండి నడుపుతుంటాడు.